అమ్మ చేతి ముద్దకు మార్కులు

నా ఉద్యోగ జీవితంలో నాకు వచ్చిన మెమో ఒకే ఒక్కటి. దానికి నేను క్షమాపణ రాసివ్వలేదు. ఇప్పుడు అడిగినా రాసివ్వను.

మానసిక వైద్యశాలల్లో సోషల్ వర్కర్లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. మీరు బాగా చేసిన కేసు ఒకటి చెప్పండి మేడం అంటారు. బాగా చేసినవి చెప్పుకుంటే నాకు పొద్దుపోతుంది, మీకు ఒరిగేదేమీ ఉండదు. అందుకని నేను చెడగొట్టిన కేసు చెబుతాను. చెడగొట్టి, ఆ తర్వాత ఎవరి మాటా వినకుండా బాగుచేయడానికి చూసిన కేసు.

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్టాండు వెనక సందులో మా క్లినిక్ ఉండేది. ఒక ట్రస్టు నడిపేది. కింది రెండంతస్తుల్లో పోటీ పరీక్షల కోచింగ్ సెంటరు, పైన మేము. మైకులో లెక్కలు చెప్పే మాస్టారి గొంతు పొద్దస్తమానం మా గదుల్లోకి వినపడేది. చెవుల్లో లేని గొంతులు వినపడే మనుషులకు ఇంతకన్నా మంచి చోటు దొరకలేదా అని మాలో మేమే నవ్వుకునేవాళ్ళం.

మా పెద్ద డాక్టరుగారు విదేశంలో చదువుకుని వచ్చిన మనిషి. నిజాయితీపరుడు. స్కిజోఫ్రీనియాకి మందొక్కటే చాలదని, ఇంటిల్లిపాదితో కూర్చుని మాట్లాడాలని మా అందరికీ నేర్పింది ఆయనే. అందుకు పై దేశం నుంచి ఒక పుస్తకం తెచ్చి, తెలుగు చేయించారు. ఇంట్లోవాళ్ళు రోగిని ఎంత విమర్శిస్తున్నారు, ఎంత అతిగా పట్టించుకుంటున్నారు అన్నవాటికి మార్కులు వేయాలి. మార్కులు ఎక్కువ ఉన్న ఇంట్లో జబ్బు తిరగబెడుతుంది కాబట్టి వాటిని తగ్గించాలి. ఆలోచనలో తప్పు లేదు. తప్పు నా చేతిలో జరిగింది.

ఆ అమ్మాయికి అప్పుడు ఇరవై ఆరేళ్ళు. దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక చీరల దుకాణంలో సేల్స్‌గర్ల్‌గా చేసేది. నల్లగొండ జిల్లా పల్లె నుంచి వచ్చిన కుటుంబం, మన్సూరాబాద్‌లో కిరాయికి ఉండేవారు. తండ్రి ఆర్టీసీ డ్రైవరు. తల్లి ఇంటి పట్టునే. ఉన్నది ఒక్కతే కూతురు. దుకాణంలో చీర విప్పి చూపిస్తూ చూపిస్తూ ఆగిపోయి, ఎవరికో జవాబు చెప్పడం మొదలుపెట్టిందట. ఆ తర్వాత ఉద్యోగం పోయింది. మా దగ్గరికి వచ్చేసరికి ఏడాదిన్నర దాటింది. ఆ ఏడాదిన్నరా చుట్టుపక్కలవాళ్ళకి తల్లి చెప్పిన జబ్బు పేరు థైరాయిడ్.

మొదటి సమావేశానికి ముగ్గురూ వచ్చారు. పుస్తకం ప్రకారం నేను అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఎవరి మనసులో మాట వాళ్ళు చెప్పాలన్నాను. తండ్రి చెప్పాడు. కూతురు పొద్దెక్కేదాకా పడుకుంటుంది, సోమరితనం, దెబ్బ వేస్తే గానీ దారికి రాదు అన్నాడు. నేను పెన్ను పక్కన పెట్టి, మీ విమర్శ ఎక్కువగా ఉంది, అదే మీ అమ్మాయికి హాని చేస్తోంది అని భార్య ముందూ బిడ్డ ముందూ చెప్పేశాను. ఆయన లేచి నిలబడ్డాడు.

"నా ఇంట్ల నేను ఎట్ల మాట్లాడాల్నో గీ కాయిదం చెప్తదా?"

అంతే, వెళ్ళిపోయాడు. మళ్ళీ క్లినిక్ మెట్లెక్కలేదు. ఆయన కాలమ్‌లో మార్కులు ఇంకాస్త పెంచి రాసుకున్నాను. అప్పటికి నా సర్వీసు ఇరవై ఏళ్ళు దాటింది, గుర్తుపెట్టుకోండి.

రెండోది ఇంకా పెద్ద తప్పు. తల్లి రోజూ రెండు పూటలా కూతురికి అన్నం కలిపి చేతిలో ముద్దలు పెడుతుంది. మూడు ముద్దలయ్యాక మాత్ర ఇస్తుంది. ఇరవై ఆరేళ్ళ మనిషికి ముద్దలు పెట్టడమా అని మా పుస్తకం ఆశ్చర్యపోయింది. అతిజోక్యం అన్న కాలమ్‌లో ఉన్న మార్కులన్నీ వేశాను. ఆమె చేత్తో ఆమె తినాలమ్మా, ఆమె మాత్ర ఆమె వేసుకోవాలి, మీరు దూరంగా ఉంటేనే ఆమె తన కాళ్ళమీద నిలబడుతుంది అని మెల్లగా, మర్యాదగా చెప్పాను. ఆ తల్లి తలూపింది. నేను చెప్పినట్టే చేసింది.

నెల తిరక్కముందే ఆ పిల్లని పెద్ద దవాఖానలో చేర్చారు. నేను వెళ్ళేసరికి తల్లి వార్డు బయట నేలమీద కూర్చుని ఉంది.

"మీరు చెప్పిన్రని బంద్ జేసిన మేడం. దానికి బయటి అన్నంల విషం ఉందని చెవుల చెప్తరంట. నా చెయ్యి ఒక్కటే నమ్ముతది. నేను పెట్టకపోతే బిస్కిట్లు తిన్నది. గోలీ ముట్టలే."

ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆమె నా ముఖంలోకి చూసి, మీరు అడగలేదు గదా అంది. కోపంగా అనలేదు. మార్కులు వేశాను గానీ ఎందుకు పెడుతున్నావమ్మా అని ఒక్క మాట అడగలేదు. ఇప్పటికీ ఎవరైనా నన్ను గొప్ప సోషల్ వర్కర్ అని పొగిడితే నాకు గుర్తొచ్చేది ఆ వార్డు ముందు నేలే.

ఆ పిల్ల ఇంటికి వచ్చిన కొద్ది వారాలకే తెలంగాణ ఉద్యమంలో సమ్మె మొదలైంది. బస్సులు డిపో దాటలేదు. స్కూళ్ళు మూతపడ్డాయి. కోచింగ్ సెంటరు మైకు కూడా ఆగిపోయింది. మాది గుంటూరు జిల్లా, పెళ్ళయి హైదరాబాదు వచ్చి స్థిరపడ్డవాళ్ళం. ఈ గొడవల్లో మన మాట విని ఎవరైనా ఏమైనా అంటారు, ఇల్లు కదలకు అని ఇంట్లో అన్నారు. క్లినిక్‌లోనూ నాలాంటివాళ్ళు అదే అన్నారు. నాకు మాత్రం ఒకటే దిగులు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి గానీ ఇల్లు చేరని ఆ తండ్రి, సమ్మె పుణ్యమా అని రోజంతా ఆ రెండు గదుల్లో కూతురి ఎదురుగా ఉంటాడు. ఆ నోటితో. సమావేశాలు క్లినిక్‌లోనే జరగాలన్నది నియమం. నేను స్కూటీ తీసి మన్సూరాబాద్ బయల్దేరాను.

మా క్లినిక్ నర్సమ్మ కూడా నా వెనక ఎక్కింది. ఆమె సూర్యాపేట వైపు పల్లె మనిషి, క్రైస్తవురాలు. ఆ పిల్ల నా ముఖం ఎందుకు చూడదో నాకు చెప్పింది ఆమే. ఆ పిల్ల చెవుల్లో తిట్టే ఆడ గొంతుకి నా యాసేనట. ఇంతకాలం నేను నోరు విప్పినప్పుడల్లా ఆ పిల్ల ఏం పడిందో ఊహించుకోండి.

ఇంట్లో ఇంకో మనిషి ఉంది. డ్రైవరుగారి అక్క, ఊరి నుంచి వచ్చింది. ముఖాన పసుపు, రూపాయంత బొట్టు, జడలు కట్టిన జుట్టు. శివసత్తి. ఎల్లమ్మ పూనే మనిషి. అయిపోయింది, ఇక మాత్రలు మాన్పించి, అమ్మవారిని చల్లబరిచే సాక నీళ్ళు పోయిస్తారు అనుకున్నాను. మా పుస్తకంలో ఇలాంటివాళ్ళకి కాలమ్ కూడా లేదు. కానీ అప్పటికి ఒకసారి దెబ్బ తిన్నాను కాబట్టి, చెప్పడం మాని అడిగాను. అక్కా, ఈ పిల్లకి ఏమైందని మీకు అనిపిస్తోంది అన్నాను.

ఆమె తొందరపడలేదు. వక్క నమలడం పూర్తిచేసి చెప్పింది.

"నా మీదికి అమ్మవారు ఒస్తది బిడ్డా. డప్పు కొడితే ఒస్తది, సాక పోస్తే పోతది. పోయినంక నేను నా చేను పనికి పోత. గీ పిల్లకు ఒచ్చింది పోతలేదు. తిననిస్తలేదు, పండుకోనిస్తలేదు. తల్లి ఏడనన్న బిడ్డను తిననియ్యకుంట చేస్తదా? గిది అమ్మవారు గాదు, రోగం. గోలీలియ్యుండ్రి."

నేను ఇరవై ఏళ్ళ సర్వీసులో ఏ సెమినార్లోనూ అంత తేటగా విన్నది లేదు. ఊళ్ళో తనకి మొక్కే మనుషుల దగ్గర కూడా ఈ మాట చెబుతానంది. ఆ క్షణంలోనే ఆమెని మా సమావేశాల్లో కూర్చోబెట్టాలని నిర్ణయించుకున్నాను.

తర్వాత వారానికి రెండుసార్లు వెళ్ళాం. గుండ్రంగా కూర్చోవడాలు లేవు. తల్లి బియ్యం ఏరుతుంటే, అక్క గడప దగ్గర కూర్చుంటే, తండ్రి అటువైపు తిరిగి పేపరు పట్టుకుంటే మాటలు సాగేవి. ఆయనకి నేను చెప్పాల్సింది ఏదీ నేను చెప్పలేదు. ఈ జబ్బులో మనిషికి లేవాలని ఉన్నా లేవబుద్ధి కాదని, అది బద్ధకం కాదని అక్కకి చెప్పాను. ఆయన వింటూనే ఉన్నాడు. అక్క నా మాట ముగియనిచ్చి, తమ్మీ, ఇగ దాని మీద నోరు జెయ్యకు అంది. ఆయన పేపరు మడిచి, సరే అక్కా అన్నాడు. పుస్తకం ప్రకారం నాలుగు సమావేశాల పని అది.

తల్లి మళ్ళీ ముద్దలు పెట్టడం మొదలుపెట్టింది. ఈసారి నేనే పెట్టమన్నాను. మొదటి మూడు ముద్దలు అమ్మవి, మిగతా అన్నం నీదని కూతురితో ఒప్పందం చేసుకున్నాం. కొన్నాళ్ళకి మూడు రెండయ్యాయి.

నా యాస సంగతి కూడా ఒకరోజు నేనే ఎత్తాను. నీ చెవుల్లో ఆవిడలా మాట్లాడను, మీలాగే మాట్లాడతాను అని, నాకు చేతనైన తెలంగాణ మాటలు రెండు పలికాను. నర్సమ్మ తల తిప్పుకుంది. తండ్రి భుజాలు కదిలాయి. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ఆమె నవ్వు చూడటం అదే మొదలు.

"మీరు మీ తీరే మాట్లాడుండ్రి మేడం. ఆమె తిడ్తది, మీరు తిట్టరు గదా. గట్ల గుర్తుపడ్త."

అప్పుడు వచ్చింది వంటావార్పు. రోడ్డుమీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతి కూర్చుని తినడం ఆ రోజుల్లో నిరసన. ఎల్.బి.నగర్ చౌరస్తాకి కాస్త ఇవతల ఆర్టీసీవాళ్ళు కుటుంబాలతో సహా వంటావార్పు చేయాలనుకున్నారు. పెళ్ళయినా, పండగైనా ఆ ఇంట్లో ఒక అలవాటుంది. తండ్రి ఒక్కడే వెళతాడు, తల్లి లోపల గడియ పెట్టుకుని కూతురితో ఉండిపోతుంది. ఈసారి కూతురు, నేనూ వస్తా, వడ్డిస్తా అంది.

తండ్రి వద్దన్నాడు. అందరి ముంగట ఏమన్నా అయితే అన్నాడు. అక్క నా వైపు చూసింది. నేను మరునాడు పెద్ద డాక్టరుగారిని అడిగాను. ఆయన కుర్చీలోంచి లేచారు. దవాఖాన నుంచి వచ్చి ఎన్నాళ్ళయింది, గుంపు, పొగ, డప్పులు, పోలీసులు, తిరగబెడితే ఎవరిది బాధ్యత అన్నారు. ఆయన భయం అబద్ధం కాదు. నాకూ అదే భయం. కానీ ఆ పిల్ల దాదాపు రెండేళ్ళలో ఒక చోటికి వస్తానని తనంతట తాను అడగడం అదే మొదటిసారి.

"బాధ్యత నాది సార్" అన్నాను.

ఆయన వద్దనే అన్నారు. నేను వెళ్ళాను.

ముందు రోజే ఇంట్లో అందరం కూర్చుని షరతులు పెట్టుకున్నాం. వరస చివర, పక్కసందుకు దగ్గరగా నిలబడాలి. అమ్మ పక్కనే ఉండాలి. చెవుల్లో మాటలు ఎక్కువైతే అత్త చెయ్యి పట్టుకోవాలి, ఎవరూ ఏమీ అడక్కుండా ఆటో ఎక్కించాలి. ఆటో సందులో సిద్ధంగా ఉండాలి. అన్నీ ఆ పిల్లే చెప్పింది, నేను రాసుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఎండ, కట్టెల పొగ, డప్పులు. రోడ్డు పొడుగునా బంతి. ఆమె అన్నం గంప పట్టుకుని మొదలుపెట్టింది. దుకాణంలో చీరలు పరిచిన చెయ్యి గదా, ఒక్క మెతుకు కింద పడకుండా పెడుతోంది. ఇరవై విస్తర్లు దాటాయి. అప్పుడు వాళ్ళ వీధి మనిషి ఒకాయన, ఆయనా డ్రైవరే, తన విస్తరి వెనక్కి లాక్కున్నాడు. పక్కాయనతో అన్నాడు గానీ అందరికీ వినపడింది. పిచ్చిదాని చేతి అన్నం మనకు పెట్టిస్తున్నరా అని.

ఆమె ఆగిపోయింది. గంప అలాగే ఉంది. పెదవులు కదలడం మొదలైంది. ఆ పెదవులు నాకు తెలుసు. నేను ముందుకు ఉరకబోయాను. శివసత్తి అక్క నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఎందుకో అర్థం కాలేదు. తర్వాత చూశాను, అవతలి వరసలోంచి తండ్రి వస్తున్నాడు.

ఆయన ఆ మనిషి పక్కన చోటు చేసుకుని, రోడ్డుమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, అతను లాక్కున్న విస్తరిని తన ముందు పెట్టుకున్నాడు.

"నాకు పెట్టు బిడ్డా."

ఆమె కదల్లేదు. ఆయన విస్తరి ముందు అలాగే కూర్చున్నాడు. చాలాసేపు అనిపించింది నాకు. తల్లి మెల్లగా కూతురి మోచేతి మీద చెయ్యి వేసింది. ఆమె వంగి పెట్టింది. ఆయన ముద్ద కలుపుతూనే గొంతు పెంచాడు. బస్సు చివరి సీటుకు వినపడేలా చెప్పడం అలవాటైన గొంతు.

"నా బిడ్డకు థైరాయిడ్ లేదు. అబద్ధం చెప్పినం. చెవుల లేని మాటలు వినపడే రోగం. స్కిజోఫ్రీనియా అంటరు. గోలీలు ఏసుకుంటది. ఇన్నేండ్లు దాచినం, ఇగ దాచం. తినేటోళ్ళు తినుండ్రి. తిననోళ్ళు లేచి పోవచ్చు."

లేచినవాళ్ళు ఉన్నారు. రెండు కుటుంబాలు విస్తళ్ళు మడిచి అవతలికి వెళ్ళాయి. ఆ విస్తరి లాక్కున్నాయన మాత్రం లేవలేదు, తినలేదు, తల వంచుకుని కూర్చున్నాడు. మిగతావాళ్ళు తిన్నారు. ఆమె ఇంకో పదిమందికి పెట్టి, గంప తల్లికి ఇచ్చి, ఇగ చాలు, పోదాం అంది. ఆటో ఎక్కింది. షరతు ప్రకారం ఎవరూ ఏమీ అడగలేదు.

నేను బంతిలో కూర్చున్నాను. పక్కాయన మేడం మీది ఏ ఊరు అని అడిగాడు. గుంటూరు జిల్లా అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు తలలెత్తి నా వైపు చూశారు. ఆయన నా విస్తట్లో పచ్చిమిర్చి తొక్కు మరో గరిటె వేసి, అయితే గీ కారం మీకు లెక్కగాదు అన్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా తిన్నాను.

మెమో మూడో రోజు వచ్చింది. క్లినిక్ బయట చికిత్స చేశారు, అర్హత లేని వ్యక్తిని చికిత్సలో చేర్చారు, డాక్టరు సలహాకు విరుద్ధంగా రోగిని గుంపులోకి తీసుకెళ్ళారు, సంజాయిషీ ఇవ్వండి అని. ఇచ్చాను. క్లినిక్ బయట పనిచేసిన మాట నిజం, ఆమె ఇల్లు క్లినిక్ బయటే ఉంది అని రాశాను. అర్హత లేని వ్యక్తి అన్న మాట ఒప్పుకోను, ఆ తండ్రిని నోరు తగ్గించుకోమని చెప్పే అర్హత మన క్లినిక్‌లో ఎవరికీ లేదు, ఆమెకే ఉంది అని రాశాను. మూడోదానికి, అవును, తీసుకెళ్ళాను, మళ్ళీ అడిగినా తీసుకెళతాను అని రాసి సంతకం పెట్టాను. నర్సమ్మ అది చదివి, నా సంతకం గూడ పెట్టనా అంది. వద్దన్నాను, ఆమెకి చిన్న పిల్లలు.

నన్ను కుటుంబ సమావేశాల నుంచి తప్పించి ఆర్నెల్లు రికార్డుల గదిలో కూర్చోబెట్టారు. ఆదివారాలు నావే కదా, మన్సూరాబాద్ వెళ్ళడం మానలేదు. పెద్ద డాక్టరుగారు చివరిదాకా నాతో ఏకీభవించలేదు. రిటైరై వెళ్ళేటప్పుడు కూడా, నీ అదృష్టం బాగుండి ఆ రోజు ఏమీ కాలేదు అన్నారు. కావచ్చు. అదృష్టం కూడా గడప దాటితేనే ఎదురవుతుంది సార్ అన్నాను.

అంతా చక్కబడిందని అనుకోకండి. వంటావార్పు అయిన నెలకే ఇంటి ఓనరు ఇల్లు ఖాళీ చేయమన్నాడు. కారణం చెప్పలేదు, చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఏడాది ఆమెకి జబ్బు మరోసారి తిరగబెట్టింది కూడా. కాకపోతే ఈసారి తొలి వారంలోనే తండ్రి తనే బస్సు దిగి మా మెట్లెక్కి వచ్చాడు.

ఓనరు ఖాళీ చేయమన్నాక ఇల్లు వెతకడానికి ఒక ఆదివారం నేనూ వెంట వెళ్ళాను. పాత ఇల్లు ఎందుకు ఖాళీ చేస్తున్నారని ఎవరడిగినా ఆయన ఉన్నదున్నట్టు చెప్పేవాడు. దాచండి అని నేను అనలేకపోయాను, దాచమని లోపల లోపల కోరుకున్న మాట మాత్రం నిజం. రెండిళ్ళ దగ్గర తలుపు వేసేశారు. మూడోది నాదర్‌గుల్‌లో. ఓనరు ఒక ముసలామె, వాకిట్లో మంచం మీద కూర్చుని వడియాలు ఎండబెడుతోంది. ఆయన అంతా చెప్పాడు. జబ్బు పేరు కూడా చెప్పాడు. ఆమె ఆ పిల్లని కిందినుంచి పైదాకా చూస్తోంది.

సరిగ్గా అప్పుడే ఎక్కడినుంచో పెద్ద మోత మొదలైంది. ఆ పిల్ల ముఖం మారింది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, అందరి ముందూ, తల్లిని అడిగింది.

"అమ్మా, నీకు గూడ వినపడుతున్నదా?"

తండ్రి కళ్ళు మూసుకున్నాడు. ఇది కూడా పోయింది అనుకున్నాను. తల్లి నోరు తెరిచేలోపే ముసలామె పైకి చూపించింది. డాబాకి ఆనుకుని వెళుతున్నట్టుగా, విమానం నేర్చుకునే పిల్లల చిన్న విమానం ఒకటి వంకరటింకరగా పోతోంది.

"అందరికి వినపడ్తది బిడ్డా. రోజూ గదే మోత" అంది ముసలామె. తర్వాత తల్లి వైపు తిరిగింది. "నీళ్ళు పొద్దుగాల గంటసేపే ఒస్తయ్. ఎవరు పడ్తరు?"

"నేను పడ్త" అంది ఆ అమ్మాయి.